ఆరు గంటల్లో 216 పెరిగిన పీడనం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వానల మీద, పీడనాల మీదే. అక్టోబరు దాటితే టీవీలో 'బంగాళాఖాతంలో అల్పపీడనం' అన్న మాట వినపడగానే తిరుపతి, చిత్తూరు వాళ్లం చేతిలో పని వదిలేసి చూస్తాం కదా, అందుకేనేమో. ఐదు ప్రశ్నలు తీసుకున్నాను. మొదటిదే చాలా చోటు తినేసింది. అబ్బాయి అంత కష్టపడి అడిగాక రెండు ముక్కల్లో తేల్చెయ్యడానికి మనసు ఒప్పలేదు.

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. వాతాగ్రం, అదే ఫ్రంట్, చల్లగాలీ వేడిగాలీ ఎదురుపడే సరిహద్దు, ఒక ఊరి మీదుగా దాటిపోతే అక్కడ నేల మీద పీడనం ఎట్లా మారుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టడం నా ప్రాజెక్టు. ఫ్రంట్ దగ్గర రెండు వైపుల గాలులూ వచ్చి కలుస్తాయి కాబట్టి, 100 కిలోమీటర్ల వెడల్పులోకి సెకనుకు 1 మీటరు వేగం చొప్పున గాలి అదనంగా వస్తోందనుకుని, అట్లా పోగైన గాలి బరువుని పీడనంగా మార్చాను. ఆరు గంటల్లో 216 హెక్టోపాస్కల్స్ పెరిగింది! తప్పు ఎక్కడుందో రెండు వారాలుగా వెతుకుతున్నాను. ఇంకో సందేహం, ఫ్రంట్ గీతకి ఇటు ఒక పీడనం, అటు ఇంకో పీడనం పెట్టాను, అది సరేనా? అసలు మన తిరుపతికి ఫ్రంట్లు వస్తాయా?
(ఒక విద్యార్థి, తిరుపతి)

జవాబు: నాయనా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టు. నీ ప్రోగ్రాంలో తప్పు లేదు, నేను కాగితం మీద వేసి చూశాను. నేల మీద ఒక చదరపు మీటరు చోటు తీసుకుంటే దాని నెత్తిన ఉన్న గాలి బరువు సుమారు 10 టన్నులు. వెయ్యి హెక్టోపాస్కల్స్ అంటే అదే. ఒక్క హెక్టోపాస్కల్ అంటే చదరపు మీటరుకి పది కిలోలు, పదికిలోల బియ్యం సంచి అనుకో. 100 కిలోమీటర్లకి సెకనుకు 1 మీటరు అంటే ప్రతి సెకనూ ఉన్న గాలిలో లక్షో వంతు పెరుగుతుంది. వెయ్యిలో లక్షో వంతు 0.01. గంటకి 3600 సెకన్లు కాబట్టి 36, ఆరు గంటలకి 216. కూడికలన్నీ కరెక్టే, మొదలుపెట్టిన చోటే తేడా ఉంది.

సెకనుకు 1 మీటరంటే గంటకి మూడున్నర కిలోమీటర్లు, గుడికి నింపాదిగా నడిచి వెళ్లే పెద్దాయన వేగం. అంత చిన్న తేడాకే గంటకి 36 మారిపోతే మనమెవరం బతికి బట్టకట్టం. చలిదేశాల్లో గట్టి ఫ్రంట్ దాటేటప్పుడు కూడా గంటకి మూడు నాలుగు మారితే అదే ఎక్కువ. ఏం జరుగుతుందంటే, కింద వచ్చి కలిసిన గాలి అక్కడే కూర్చోదు, పైకి లేస్తుంది, ఎనిమిది పది కిలోమీటర్ల ఎత్తులో బయటికి వెళ్లిపోతుంది. నువ్వు వచ్చేదాన్నే లెక్కేశావు, పోయేదాన్ని వెయ్యలేదు. సరే అది కూడా వేస్తానంటావేమో, అప్పుడూ కష్టమే, ఎందుకంటే వచ్చేదీ పోయేదీ రెండూ పెద్ద అంకెలు, పీడనంలో మార్పు ఆ రెంటి మధ్య మిగిలే చిల్లర. రోజుకి లక్ష రూపాయల సరుకు కొని లక్షకి అమ్మే కిరాణా కొట్టాయన, గల్లాపెట్టెలో ఆఖరున మిగిలిన యాభై రూపాయలని కొన్న చీటీలు, అమ్మిన చీటీలు కూడి తీసివేసి తేల్చాలనుకుంటే ఎట్లా ఉంటుంది? చీటీల్లో ఒక శాతం తప్పు పడితే వెయ్యి రూపాయల తేడా. దానికన్నా గల్లాపెట్టె తెరిచి ఉన్నది లెక్కపెట్టుకోవడం నయం కదా.

ఈ గోతిలో పడ్డ మొదటివాడివి నువ్వు కాదులే. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అని ఇంగ్లాండ్ ఆయన ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ దళంలో పనిచేస్తూ, 1910 మే 20 నాటి యూరప్ వాతావరణాన్ని తీసుకుని, ఆరు గంటల్లో పీడనం ఎంత మారాలో చేత్తో లెక్క కట్టాడు. వారాల తరబడి పని. 145 హెక్టోపాస్కల్స్ పెరగాలని వచ్చింది. ఆ రోజు అక్కడ పీడనం దాదాపు కదలనే లేదు! 1917లో ఆ కాగితాలు యుద్ధం గొడవలో పోయి, కొన్ని నెలల తర్వాత బెల్జియంలో ఒక బొగ్గు కుప్ప కింద దొరికాయి. ఇంకొకరైతే ఆ బొగ్గుతోపాటే తగలబెట్టేసేవారు. ఈయన 1922లో తప్పు జవాబుతో సహా అచ్చు వేయించాడు, తప్పు ఎక్కడ వచ్చి ఉంటుందో కూడా రాశాడు. నాకు ఆయనలో బాగా నచ్చేది అదే. కాబట్టి ఆయన 145 నీ 216కి అన్నయ్య లాంటిది, ప్రాజెక్టు రిపోర్టులో దాన్ని దాచిపెట్టకు, మొదటి అధ్యాయంగా పెట్టు. గాలి కొలతల నుంచి పీడనం మార్పుని ఇట్లా తేల్చడం కుదరదని 1904లోనే ఆస్ట్రియాలో మాక్స్ మార్గులెస్ చెప్పి ఉన్నాడు కూడా. ఇప్పటి పెద్ద కంప్యూటర్ మోడళ్లు వాడేవీ దాదాపు అవే సమీకరణాలు, కాకపోతే మొదలుపెట్టే ముందే గాలులకీ పీడనానికీ పొత్తు కుదిరేటట్టు డేటాని సర్దుకుంటాయి.

మరి నువ్వేం చెయ్యాలంటే, గల్లాపెట్టె తెరువు, అంటే నెత్తి మీదున్న గాలి బరువునే నేరుగా కూడు. ఎక్సెల్ చాలు. నిలువు వరసల్లో దూరం, అడ్డం వరసల్లో ఎత్తు పెట్టు. 5 కిలోమీటర్ల ఎత్తున పీడనం అంతటా ఒకటే అనుకో, సుమారు 540. అక్కడి నుంచి వంద మీటర్లకి ఒక మెట్టు చొప్పున కిందికి దిగుతూ, ఆ మెట్టులో ఉన్న గాలి బరువుని కలుపుకుంటూ రా. చల్లగాలి బరువెక్కువ, వేడిగాలి తక్కువ, ఫ్రంట్ కథంతా అంతే. చల్లగాలి వేడిగాలి కిందికి మేకులా, చీలికలా దూరుతుంది, ఆ వాలు చాలా తక్కువ, చల్లని ఫ్రంట్‌కి వందకి ఒకటి అనుకో, అంటే వంద కిలోమీటర్లు వెనక్కి పోతే చల్లగాలి మందం 1 కిలోమీటరు. అది పక్క గాలికన్నా 10 డిగ్రీలు చల్లగా ఉంటే నేల మీద పీడనం సుమారు 4 హెక్టోపాస్కల్స్ పెరుగుతుంది. నాలుగు బియ్యం సంచులు. ఫ్రంట్ గంటకి 40 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటే ఆ నాలుగు సంచులూ చేరడానికి రెండున్నర గంటలు. ఇప్పుడు నీ అంకెని చూడు, 216 ఎక్కడ, 4 ఎక్కడ!

ఈ లెక్కలో రానిది ఒకటుంది. ఫ్రంట్ రాకముందు పీడనం మెల్లగా పడిపోతుంది, నీ గ్రాఫ్‌లో అది కనపడదు, ఫ్రంట్ వచ్చేదాకా గీత బల్లపరుపుగా ఉండి తర్వాత లేస్తుంది. 5 కిలోమీటర్ల పైన అంతా ఒకటే అనుకున్నాం చూడు, అక్కడ మనం ఆడిన అబద్ధం ఫలితం అది. నిజానికి ఫ్రంట్ ముందర పైన బయటికి పోయే గాలి, కింద వచ్చేదానికన్నా రవ్వంత ఎక్కువ. ఆ రవ్వంతని లెక్కకట్టాలంటే మళ్లీ రిచర్డ్‌సన్ గోతిలోకే దిగాలి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి అంత వద్దు. పైన ఉన్న 540ని ఫ్రంట్‌తోపాటు కదిలే చిన్న గుంటగా మార్చు, మధ్యలో రెండో మూడో తగ్గించు, ఇది నేను చేత్తో పెట్టింది, లెక్కలోంచి వచ్చింది కాదు అని రిపోర్టులో ఒక వాక్యం రాయి. వైవాలో అడుగుతారు, ముందే నువ్వు చెప్తే వాళ్లకి అడగడానికి ఏమీ మిగలదు.

ఇక గీతకి అటొక పీడనం ఇటొక పీడనం అన్నావే, అది కుదరదు. ఉష్ణోగ్రతని అట్లా పెట్టుకోవచ్చు, పీడనాన్ని కాదు. ఒక్క గీత దగ్గర పీడనం పుటుక్కున తెగిపోతే అక్కడ గాలిని తోసే బలానికి అంతూ పొంతూ ఉండదు. ఫ్రంట్ దగ్గర పీడనం తెగదు, విరుగుతుంది. పడుతూ వచ్చిన గీత అక్కడ మలుపు తిరిగి లేస్తుంది, ఇంగ్లీషు వీ అక్షరంలాగా. వాతావరణ పటాల్లో సమభార రేఖలు, అంటే ఒకే పీడనం ఉన్న చోట్లని కలిపే గీతలు, ఫ్రంట్ దగ్గర మోచేయిలా వంగి ఉండేది అందుకే.

తిరుపతి సంగతి. పుస్తకంలో ఉన్న ఫ్రంట్ తిరుపతికి రాదు. ఆ బొమ్మ పుట్టింది నార్వేలో బెర్గెన్ అనే ఊళ్లో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, విల్‌హెల్మ్ బ్యెర్క్‌నెస్, ఆయన కొడుకు జాకబ్, వాళ్ల కుర్ర శిష్యులు కలిసి గీసింది. ఫ్రంట్ అన్న పేరు కూడా ఆ యుద్ధంలో సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డ ఫ్రంట్ నుంచి తెచ్చుకున్నదే. అక్కడ ధ్రువాల చలి, దక్షిణపు వేడి పక్కపక్కనే ఉంటాయి. మన చుట్టూ వెయ్యి కిలోమీటర్లు వెతికినా, నేల దగ్గర అంత తేడా ఉన్న రెండు గాలులు దొరకవు. అదొక్కటే కాదు, చల్లగాలి ఆ వాలులో కూలిపోకుండా రోజుల తరబడి నిలబడాలంటే భూమి తిరగడం వల్ల వచ్చే మలుపు బలం కావాలి, మన 13 డిగ్రీల అక్షాంశంలో అది బెర్గెన్‌లో ఉన్నదాంట్లో పావు వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఆ బలం చాలకపోతే చల్లగాలి పెనం మీద పోసిన దోసె పిండిలా నాలుగు వైపులా పరుచుకుపోతుంది. చలికాలంలో పంజాబు, ఢిల్లీ వైపు పశ్చిమ అలజడులతోపాటు, అంటే పడమటి నుంచి వచ్చే వాన వ్యవస్థలతోపాటు, ఫ్రంట్ల లాంటివి వస్తాయి, అవి మన దాకా వచ్చేసరికి వాటిలో ఏమీ మిగలదు.

కానీ ఆ దోసె పిండే మనకి ఉపయోగం. మా ఇంటి వరండాలో గోడకి ఒక బారోమీటర్ తగిలించి ఉంటుంది, ముల్లు ఉండే రకం, రిటైరయ్యాక కొన్నాను. ఒక మే నెల సాయంత్రం నాలుగున్నరకి, ఆకు కదలడం లేదు, ఒళ్లంతా చెమట, పడమట కొండల మీద నల్లగా మూసుకొచ్చింది. ఉన్నట్టుండి దుమ్ము లేచింది, తలుపులు టపటపా కొట్టుకున్నాయి, మా ఆవిడ దండెం మీది బట్టల కోసం పరిగెత్తింది, నేను బారోమీటర్ దగ్గరికి పరిగెత్తాను (దానికి తర్వాత తిట్లు తిన్నాను, ఆ కథ వద్దు). అద్దం మీద వేలితో తడితే ముల్లు రెండు గీతలు పైకి జరిగింది. అప్పటికి ఒక్క చుక్క పడలేదు! పక్కనున్న థర్మామీటర్ 8 డిగ్రీలు దిగింది. ఇంకో పది నిమిషాలకి వాన. అది బుల్లి ఫ్రంట్. దూరంలో పడుతున్న వాన చినుకులు దారిలో ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి, ఆ చల్లగాలి దబ్బున నేల మీద పడి నలుదిక్కులా పరుచుకుంటూ గంటకి 40, 50 కిలోమీటర్ల వేగంతో మన మీదికి వస్తుంది. నీ ఎక్సెల్ లెక్కనే తిరగేసి చూడు, 8 డిగ్రీల తేడాకి 1 కిలోమీటరు మందం ఉంటే 3 హెక్టోపాస్కల్స్ పెరగాలి, నాకు 2 పెరిగింది కాబట్టి ఆ చల్లగాలి మందం ఆరేడు వందల మీటర్లు ఉండి ఉంటుంది. వరండాలో నిలబడి నెత్తి మీద చల్లగాలి ఎంత ఎత్తుందో తెలుసుకోవచ్చన్నమాట. నార్వే డేటా కోసం వెతుక్కునే బదులు నువ్వు ఇదే చెయ్యి. నిమిషానికొకసారి పీడనం రాసుకునే ఫోన్ యాప్ పెట్టుకుని ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు కాపలా కాస్తే చాలు.

ప్రశ్న: అన్నా, నా ఫోన్లో పీడనం చూపించే యాప్ ఉంది. కింద తిరుపతిలో 995 చూపించింది, తిరుమల బస్సు దిగాక 920. తుపాను వస్తే పీడనం పడిపోతుందంటారు కదా, కొండ మీద రోజూ తుపానా? టీవీలో మాత్రం వెయ్యి పైనే చెప్తారు. ఎవరిది కరెక్టు?
(ఒక గృహిణి, చిత్తూరు)

జవాబు: ఇద్దరిదీ కరెక్టేనమ్మా. పైకి వెళ్లేకొద్దీ నెత్తి మీద గాలి తగ్గుతుంది, సుమారు 9 మీటర్లకి ఒక హెక్టోపాస్కల్ చొప్పున. తిరుపతికీ తిరుమలకీ ఎత్తులో తేడా 700 మీటర్లు, అందుకే ఆ 75. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి చూడు, ఫోన్ అంకె ఒక్కొక్కటిగా దిగుతూనే ఉంటుంది. 1999లో ఒడిశాని తుడిచిపెట్టిన సూపర్ సైక్లోన్ మధ్యలో పీడనం 912 అని అంచనా, అది సముద్రమట్టం దగ్గర. తిరుమలలో రోజూ ఉండేది దానికి దగ్గరే, అయినా లడ్డూ క్యూలో కాగితం కూడా ఎగరదు. ఎందుకంటే నిలువు తేడాని భూమ్యాకర్షణ పట్టి ఉంచుతుంది, గాలిని పరిగెత్తించేది ఒకే ఎత్తులో పక్కపక్క ఊళ్ల మధ్య ఉండే తేడా. అందుకే వాతావరణ శాఖ వాళ్లు ప్రతి ఊరి పీడనానికీ ఆ ఊరి ఎత్తు తాలూకు అంకెని కలిపి, సముద్రమట్టానికి మార్చి చెప్తారు. అట్లా చెయ్యకపోతే పటం మీద మదనపల్లె, తిరుమల, హార్స్‌లీ హిల్స్ అన్నీ తుపాన్లలాగే కనపడతాయి.

ప్రశ్న: మాది మామిడి తోట. మావాడు ఊరినుంచి బారోమీటర్ తెచ్చిచ్చాడు. మధ్యాహ్నం అయ్యేసరికి రోజూ మూడు పాయింట్లు పడిపోతోంది, గాలివాన వస్తుందని కూలీల్ని పిలిచి కాయ దింపిద్దామా అని రోజూ టెన్షన్. ఇప్పటిదాకా ఒక్క వాన రాలేదు. మిషన్ పాడైందా?
(ఒక రైతు, బంగారుపాళ్యం)

జవాబు: మిషన్ బంగారంలా ఉంది. సముద్రానికి ఆటుపోట్లు ఉన్నట్టే గాలికీ ఉంటాయి, రోజుకి రెండు సార్లు. పొద్దున పదికీ రాత్రి పదికీ పీడనం ఎక్కువ, తెల్లవారుజామున నాలుగుకీ సాయంత్రం నాలుగుకీ తక్కువ. సముద్రాన్ని లాగేది ముఖ్యంగా చంద్రుడైతే, గాలిని ఊపేది ఎండ, పైనున్న ఓజోను, గాలిలోని నీటి ఆవిరి ఎండకి వేడెక్కడం వల్ల. మనలాంటి వేడి ప్రాంతాల్లో ఈ ఊపు రెండు నుంచి నాలుగు దాకా ఉంటుంది, గడియారం పెట్టుకోవచ్చు. చలిదేశాల్లో ఇది చాలా తక్కువ, వాళ్ల ఫ్రంట్ల అలజడిలో కలిసిపోయి కనపడదు, అందుకే వాళ్లు రాసిన 'ముల్లు దిగితే వాన' అన్న సూత్రం మనకి పనికిరాదు. మీరు చెయ్యాల్సింది ఒకటే, ఇవాళ్టి నాలుగు గంటల అంకెని నిన్నటి నాలుగు గంటల అంకెతో పోల్చండి. వాతావరణ శాఖ వాళ్లు కూడా 24 గంటల మార్పుని విడిగా చూస్తారు. రెండు రోజులు వరసగా అదే వేళకి తగ్గుతూ పోతుంటే అప్పుడు బంగాళాఖాతం వైపు ఒక చెవి వెయ్యండి. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి, మీ కాయని రాల్చే మే నెల గాలివానని ఇది ముందుగా పట్టుకోలేదు. పైన అబ్బాయికి చెప్పాను చూడండి, ముల్లు పైకి ఎగిరేసరికి గాలి తోటలోకి వచ్చేసి ఉంటుంది.

ప్రశ్న: 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వాన ఫ్రంట్ వల్లనా, వాయుగుండం వల్లనా? వాయుగుండమైతే పీడనం బాగా పడిపోయి ఉండాలి కదా?
(ఒక ఉపాధ్యాయిని, తిరుపతి)

జవాబు: వాయుగుండం. అది నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది. పీడనం మాత్రం మీరనుకున్నంత పడదు, వాయుగుండం మధ్యలో కూడా చుట్టుపక్కల కన్నా తక్కువుండేది కొద్ది హెక్టోపాస్కల్సే, అది రైతుగారి రోజువారీ ఊపు కన్నా పెద్ద ఎక్కువేం కాదు. పీడనం ఎంత పడిందన్నది గాలి ఎంత గట్టిగా వీస్తుందో చెప్తుంది, వాన ఎంత పడుతుందో చెప్పదు. వానకి కావలసింది తడి, దాన్ని పైకి లేపే ఏదో ఒకటి. నార్వేలో ఆ లేపే పని ఫ్రంట్ వాలు చేస్తుంది, చల్లగాలి చీలిక మీదుగా తడిగాలి ఎక్కుతుంది. మనకి ఆ పని శేషాచలం కొండలు చేశాయి. సముద్రం నుంచి తూర్పుగాలి తడిని మోసుకొచ్చి కొండకి గుద్దుకుని పైకెక్కింది. ఫ్రంట్ అయితే దాటి పోతుంది, కొండ ఎక్కడికీ పోదు, గాలి వచ్చినంతసేపూ అక్కడే కురుస్తుంది. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడటం, మెట్లదారి జలపాతం అయిపోవడం, స్వర్ణముఖి పొంగడం, అవన్నీ మీరు చూసినవే.

ప్రశ్న: గాదంకిలో పెద్ద రాడార్ ఉందంటారు. దాంతో పీడనం కొలుస్తారా?
(ఒక పాఠకుడు, పాకాల)

జవాబు: లేదండీ, గాలిని కొలుస్తారు. 53 మెగాహెర్ట్జ్ రాడార్ అది, పళ్లెంలా గుండ్రంగా తిరిగేది కాదు, సుమారు 130 మీటర్ల చదరంలో 1024 యాంటెన్నాలు వరసలుగా నిలబెట్టి ఉంటాయి, పాత రోజుల్లో మిద్దెల మీద టీవీకి పెట్టుకునేవాళ్లం కదా, ఆ జాతివే. నెత్తి మీద ఏ ఎత్తున గాలి ఎటు ఎంత వేగంతో పోతోందో, మెల్లగా పైకి లేస్తోందో కిందికి దిగుతోందో అది చూస్తుంది. మొదటి ప్రశ్న అడిగిన అబ్బాయి వదిలేసిన పై గాలులు ఇవే. 'నేనిక్కడ దగ్గరే ఉన్నాను, ఆ డేటా తీసుకుని మళ్లీ వచ్చేదీ పోయేదీ కూడతాను' అంటాడేమో, నాయనా, ఒక్కచోట కొలత చాలదు, చుట్టూ కనీసం మూడు చోట్ల అట్లాంటి రాడార్లు కావాలి.